రంభలో 2,200 పడవ, ఊరి చెరువులో ఉచితంగా బాతు

ఒడిశాలో చిలికా ఉప్పునీటి సరస్సు ఒడ్డునున్న రంభ వెళ్లేవాళ్లు ప్రైవేటు పడవ ఎక్కేముందు ఎన్ని గంటలో కాగితం మీద రాయించుకోండి. మా దగ్గర 2,200 తీసుకుని, రెండు గంటలని చెప్పి, గంటంపావుకే ఒడ్డుకు తెచ్చేశాడు. అదేంటంటే "గాలి తిరిగింది సార్" అన్నాడు. ఒక్క అల కూడా లేదు! గైడంటూ ఎక్కిన కుర్రాడికి విడిగా 300.

ఆ కుర్రాడి లెక్కలో చిలికాలో ఉన్న పక్షులన్నీ సైబీరియా నుంచి వలస వచ్చినవే. మా బావమరిదికి కాటన్ టీల్ చూడాలని ఎప్పటినుంచో కోరిక. మన దేశపు బాతుల్లో అన్నిటికన్నా చిన్నది, అడుగు పొడవుంటుందేమో. గైడు దూరంగా గోధుమరంగు గుంపొకటి చూపించి "అవే" అన్నాడు. అవి పొడుగు మెడలు నిక్కించి, ఈలలు వేస్తూ లేచాయి. విజిలింగ్ డక్స్, అంటే ఈలవేసే వేరే రకం బాతులు! కాటన్ టీల్‌కి పొట్టి మెడ, పొట్టి ముక్కు. పైగా అది వలసపక్షి కాదు, ఏడాది పొడవునా ఇక్కడే ఉంటుంది. బావమరిది ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. లాడ్జి 1,600, వేడినీళ్లు అరబకెట్టు. వదిలేద్దాం.

మర్నాడు బరంపురం నుంచి గిరిసోల వైపు ఆటోలో (పోనూ రానూ 700) వస్తుంటే రోడ్డు పక్కన తామరాకులు కప్పేసిన చెరువు. వాటి మధ్య బుల్లి బాతులు, మేం వెతికిన కాటన్ టీల్‌లే, జంటలు జంటలుగా! ఉప్పునీళ్ల కన్నా ఇలాంటి మంచినీటి చెరువులే వీటికిష్టం. నాచు, మొక్కల గింజలు, పురుగులు నీటిపైనే ఏరుకుంటాయి, గట్టెక్కి నడవడం చాలా తక్కువ. జత కట్టే వానాకాలంలో మగదానికి నిగనిగలాడే ఆకుపచ్చ వీపు, తెల్లని మెడకింద నల్లపట్టీ. చలికాలంలో ఆ సోకంతా పోయి ఇంచుమించు ఆడదానిలా ఉంటుంది. గుర్తుపట్టాలంటే ఎగిరేదాకా ఆగాలి: మగదాని రెక్కలో వెడల్పాటి తెల్లపట్టీ అప్పుడు కనబడుతుంది. ఆడదానికి కంటిమీదుగా నల్లగీత.

గేదెలు కడుగుతున్న తాత మా బైనాక్యులర్స్ చూసి నవ్వాడు. "ఏటి బాబూ, వీటికోసమా? ఆ చెట్టు తొర్రలో గుడ్లెడతాయి. పిల్లలు పైనుంచే గెంతేస్తాయి." పక్షుల పుస్తకంలోనూ అదే ఉంది, గూడు చెట్టు తొర్రలోనే అని. తాతకు 100 ఇవ్వబోతే తీసుకోలేదు, టీ మాత్రం తాగాడు.

నా సలహా: పెద్దపక్షులకి చిలికా, ఈ బాతుకి ఊరి చెరువులు. పొద్దున్నే ఏడులోపు వెళ్లండి, గట్టుదాటి నీళ్లలోకి దిగకండి, లేచిపోతాయి. పచ్చవీపు కోసం ఆగస్టులో మళ్లీ వెళ్దామంటున్నాడు బావమరిది. మా ఆవిడ సరేనంది కానీ, పడవ మాటెత్తితే మాత్రం తను రాదట.