ట్రంకు పెట్టె, ప్లాస్టిక్ డబ్బా, గాలి తీసే సంచి: కాలం మారినప్పుడు బట్టలు దాచడానికి ఏది మేలు?

మా మామగారి పొందూరు ఖద్దరు పంచె ఒకటి కార్తీక మాసంలో పెట్టెలోంచి తీసినప్పుడు, మడతల పొడవునా నేత పలచబడి, గీకినట్టున్న మచ్చల నడుమ చిన్న చిన్న చిల్లులు కనిపించాయి. వేసవి చివర ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయించి మరీ దాచిన పంచె అది. ఆమదాలవలస వైపు పుట్టి పెరిగిన మా అత్తగారు ఆ బట్టను వేళ్ల మధ్య పట్టి చూసి, "గంజి పెట్టీసి పెట్టెలో ఎట్టీసినావేటమ్మా? పురుక్కి అన్నం ఎట్టినట్టే కదా అది" అన్నారు. ఆవిడ మాట అక్షరాలా నిజం. వెండి రంగులో మెరుస్తూ సన్నని చేపలా పాకే సిల్వర్ ఫిష్ పురుగుకు వట్టి నూలు కన్నా దానికి పట్టించిన గంజే ఇష్టం. గంజిని గీకి తింటూ కింది పోగును కూడా కొరికేస్తుంది. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి, చేతితో సన్నగా వడికి, చేమగ్గం మీద నేసిన బట్ట మన నిర్లక్ష్యం వల్ల అలా పాడయిందంటే బాధ కలగకుండా ఉండదు. కాలం మారినప్పుడు ఏ బట్టను ఎందులో, ఎలా, ఎప్పుడు దాచాలన్న ప్రశ్నను నేను శ్రద్ధగా పట్టించుకున్నది ఆ పంచె పోయిన తర్వాతే. అప్పటి నుంచి ఇనుప ట్రంకు పెట్టె, మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బా, గాలి తీసే సంచి (వాక్యూమ్ బ్యాగ్), ఈ మూడింటినీ శ్రీకాకుళంలోని మా ఇంట్లోనే వాడి చూశాను.

పెట్టెల సంగతి కన్నా ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. కాలానికి తగ్గట్టు బట్టలు మార్చి పెట్టుకోవడం గురించి మనకు వినవచ్చే సలహాల్లో ఎక్కువ భాగం మంచు కురిసే దేశాలకు తగినవి. అక్కడ చలికోట్లు లోపలపెట్టి వేసవి బట్టలు బయటికి తీయడమంటే బీరువా మొత్తం మారిపోవడమే. మనకు నూలు చీర, చుడీదారు, చొక్కా, లుంగీ పన్నెండు నెలలూ కావాలి. నిజానికి మన ఇళ్లలో కాలంతో పాటు లోపలికీ బయటికీ తిరిగేవి మూడు రకాలే: డిసెంబరు, జనవరి నెలల్లో పనికొచ్చే స్వెట్టర్లు, శాలువాలు, మంకీ టోపీలు, రగ్గులు, వానల్లో కట్టడానికి మనసొప్పని పట్టుచీరలు, ఖద్దరు బట్టలు, వానలు వెళ్లాక అవసరం తీరిపోయే రెయిన్‌కోట్లు. బీరువా అంతటినీ ఆర్నెల్లకోసారి ఖాళీ చేసి నింపడమా, ఈ కొద్దిపాటి బట్టలనే మార్చడమా అంటే, రెండోదే మేలని నేను గట్టిగా చెప్పగలను. మొదటి పద్ధతిలోనూ లాభం లేకపోలేదు. ప్రతి బట్టా ఏడాదికి రెండుసార్లు చేతికి వస్తుంది కాబట్టి ఊడిన గుండీ, కనపడకుండా ఉండిపోయిన మరక బయటపడతాయి. అయితే అన్ని బట్టలనూ ఒకేసారి ఉతికి పూర్తిగా ఆరబెట్టడం మామూలు సంసారానికి సాధ్యమయ్యే పని కాదు, ఆ తొందరలో సగం ఆరినవి కూడా పెట్టెలోకి వెళ్లిపోతాయి. మన ప్రాంతంలో బట్ట పాడవడం మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వంటి తీరపు ఊళ్లలోనే కాదు, కాస్త లోపలికి ఉన్న విజయనగరం పట్టణంలో కూడా జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వానలు, ఆ వెంటనే అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను వానలు ఉంటాయి. గాలిలో తేమ 70 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే బట్ట మీద బూజు మొలవడానికి అనువుగా ఉంటుంది. చెమట, నూనె, గంజి మిగిలిన చోట అది ముందుగా పుడుతుంది. అందువల్ల ఏ పెట్టె మంచిదని అడిగేటప్పుడు, పురుగును ఎంత బాగా ఆపుతుందన్నదాని కన్నా, లోపలి తేమను ఏం చేస్తుందన్నదే నేను ముందుగా చూస్తాను.

ఇనుప ట్రంకు పెట్టె ఇప్పటికీ చాలా ఇళ్లలో మంచం కింద ఉంటుంది. మా ఇంట్లోది మా అత్తగారితో పాటు కాపురానికి వచ్చినది. దాన్ని ఎలుక కొరకలేదు, చెద తినలేదు, పైన పరుపు చుట్ట పెట్టినా వంగదు. మూత పూర్తిగా బిగుసుకోదు కాబట్టి లోపలికి కొద్దిగా గాలి ఆడుతుంది, చిక్కుకున్న తేమ నెమ్మదిగానైనా బయటికి పోతుంది. నూలుకూ పట్టుకూ ఇది అన్నింటికన్నా అనుకూలం కావడానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే. లోపమల్లా తుప్పు. ఉప్పుగాలి తగిలే ఇళ్లలో బందుల దగ్గర, అడుగు మూలల్లో రంగు లేచి తుప్పు పడుతుంది. ఆ మరక తెల్లబట్టకు అంటితే సబ్బుతో పోదు, బ్లీచింగ్ వేస్తే ఇంకా ముదురుతుంది. లోపల నాలుగు పక్కలా పాత తెల్లపంచె పరచడం ఇందుకు మంచి ఉపాయం. చాలామంది వార్తాపత్రికలు పరుస్తారు గాని, వాటి సిరా బట్టకు అంటుతుంది, పైగా కాగితం కూడా సిల్వర్ ఫిష్‌కు ఆహారమే. పెట్టెను నేలకు ఆనించకుండా ఇటుకల మీద ఎత్తి పెడితే గచ్చు చెమ్మ అడుగుకు తగలదు, ఊడ్చడానికీ వీలుంటుంది.

ప్లాస్టిక్ డబ్బా దీనికి పూర్తిగా వేరే స్వభావం గలది. లోపల ఏముందో పైనుంచే కనిపిస్తుంది, ఒక్కరే ఎత్తి అటక మీద పెట్టగలరు, ఇంట్లోకి నీళ్లు వచ్చినా వెంటనే తడవదు. మూత బిగుతుగా ఉన్నంత కాలం చిమ్మట లోపలికి వెళ్లి గుడ్లు పెట్టలేదు. కానీ పురుగును రానివ్వని ఆ బిగింపే తేమను పోనివ్వదు. మబ్బు రోజున దాచిన బట్టతో పాటు లోపలికి వెళ్లిన చెమ్మ, పగటి వేడికి ఆవిరై, రాత్రి మూత అడుగున చిన్న చిన్న చుక్కలుగా పేరుకోవడం నేను స్వయంగా చూశాను. అందుకని పెళపెళలాడేలా ఆరిన బట్టలను మాత్రమే, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, ఇందులో పెట్టాలి. గట్టి డబ్బాలకూ, జిప్పుతో వచ్చే మెత్తని పారదర్శకపు కవర్లకూ తేడా ఉందని కూడా గుర్తుంచుకోవాలి. చీరల కోసం అమ్మే ఆ మెత్తని కవర్లలో ఏళ్ల తరబడి ఉంచితే తెల్లబట్ట పసుపెక్కుతుంది, జరీ నల్లబడుతుంది. డ్రై క్లీనింగ్ నుంచి వచ్చిన కవరును కూడా ఇంటికి రాగానే తీసేయడం మంచిది.

గాలి తీసే సంచి మీద నాకు మొదట్లో చాలా ఆశ ఉండేది. నాలుగు రగ్గులు పట్టే చోటు ఒక దిండు మందానికి తగ్గిపోవడం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఒక ఫిబ్రవరిలో రెండు రగ్గులను పగలంతా డాబా మీద ఎండలో వేసి, పొద్దుపోయాక, మంచు దిగే వేళ తెచ్చి, అలాగే సంచిలో కుక్కి గాలి తీశాను. డిసెంబరులో విప్పేసరికి ముక్కవాసన గుప్పుమన్నది, అంచు కుట్టు వెంట నల్లని చుక్కలు బారుగా ఉన్నాయి, రెండు ఉతుకులకు వాసన పోయింది గాని చుక్కలు పోలేదు. తప్పు సంచిది కాదని నాకు తెలుసు. నేను మధ్యాహ్నం మూడు గంటలకే తీసి, నీడలో వేడి చల్లారాక మడవవలసింది. అయినా, అంత చిన్న పొరపాటును కూడా క్షమించని పద్ధతిని మన వాతావరణంలో అన్ని బట్టలకూ వాడమని చెప్పలేను. పైగా ఉన్ని, దూది బొంతల వంటి మెత్తని సరుకు ఎనిమిది, తొమ్మిది నెలలు నలిగి ఉంటే మళ్లీ పూర్తిగా పొంగదు. పట్టుచీరను ఇందులో పెట్టకూడదు. ఒత్తిడికి మడతల దగ్గర జరీ పోగు విరుగుతుంది. చోటు బాగా తక్కువగా ఉన్న అద్దె ఇళ్లలో సింథటిక్ రగ్గుల వరకు ఈ సంచి పనికొస్తుంది, అంతకు మించి నేను దీనికి మార్కులు వేయను.

పాత నూలు చీరలో కట్టిన మూట గురించి ఒక్క మాట చాలు. గాలి బాగా ఆడుతుంది, ఖర్చు లేదు, కానీ ఎలుకకూ చెదకూ అడ్డు లేదు. దాన్ని పెట్టెకు బదులుగా కాక పెట్టె లోపలి చుట్టుగా వాడుకోవడం సరైన పద్ధతి. గోడలో కట్టిన అలమరల విషయంలో మాత్రం ఆ గోడకు అవతలి వైపు స్నానాలగది ఉందో, వానజల్లు కొట్టే బయటి గోడ ఉందో చూసుకోవాలి. అలాంటి అలమరలో అడుగు అరలు కాలం మార్చి దాచే బట్టలకు పనికిరావు.

బట్టను బట్టి చెప్పాలంటే, పట్టుచీరలకూ ఖద్దరుకూ ట్రంకు పెట్టెదే పైచేయి. పట్టుచీరను శుభ్రంగా ఉతికిన పాత నూలుగుడ్డలో విడిగా చుట్టి, బరువైనవి అడుగున, పలచనివి పైన పెట్టి, మూడు నెలలకోసారి తీసి మడత మార్చాలి. ఎప్పుడూ ఒకే గీత మీద మడిచిన చీర చివరికి ఆ గీత మీదే చిరుగుతుంది. జరీ బరువున్న చీరను ఏళ్ల తరబడి హ్యాంగరుకు వేలాడదీసినా నేత సాగుతుంది. ఎండ తగలాలి కదా అని పట్టును నేరుగా ఎండలో వేయకూడదు, వసారాలో నీడన గాలి తగిలితే సరిపోతుంది. ఖద్దరును గంజి లేకుండా, ఇస్త్రీ లేకుండా ఉతికి దాచి, కట్టే ముందు గంజి పెట్టుకోవాలి. ఉన్ని బట్టలకు మాత్రం బిగుతైన ప్లాస్టిక్ డబ్బాయే మేలు. ఉన్నినీ పట్టునూ తినేది ఎగిరే చిమ్మట కాదు, అది పెట్టిన గుడ్ల నుంచి వచ్చే పిల్లపురుగు. చెమట పట్టిన మెడ, చంక భాగాలను అది ముందుగా తింటుంది. శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లివచ్చిన రెండు రోజులే కదా వేసుకున్నదని స్వెట్టరును ఉతకకుండా దాచేవారు ఈ సంగతి గమనించాలి.

పురుగు మందుల్లో కలరా ఉండలా, వేపాకా అన్నది మరో పోటీ. కలరా ఉండలు, అంటే నాఫ్తలీన్, నిజంగా పనిచేస్తాయి, అయితే ఆవిరి నిలిచేలా మూత బిగుసుకున్నప్పుడే. ఆ ఆవిరి గాలి కన్నా బరువైనది కాబట్టి వాటిని గుడ్డలో కట్టి బట్టల పైన పెట్టాలి, బట్టకూ జరీకీ నేరుగా తగలనివ్వకూడదు. కర్పూరంతో కలిపి పెడితే రెండూ కరిగి నీరై బట్టకు మరక చేస్తాయి. పసిపిల్లలున్న ఇంట్లో నేను వీటిని అసలు వద్దంటాను. జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టిన శిశువులకు నాఫ్తలీన్ పట్టిన బట్టలు తొడిగితే ఎర్రరక్తకణాలు విచ్ఛిన్నమై, రక్తహీనత, తీవ్రమైన కామెర్లు వచ్చే ప్రమాదం ఉంది. ఆ లోపం ఉన్నట్టు ముందుగా ఇంట్లోవారికి తెలియకపోవచ్చు. పిల్లల స్వెట్టర్లకు, పొత్తిగుడ్డలకు వేపాకే నయం. దాన్ని నీడలో పూర్తిగా ఎండబెట్టి, పలచని గుడ్డలో కట్టి, రెండు మూడు నెలలకోసారి కొత్తది మార్చాలి. పచ్చిది వేస్తే దాని చెమ్మే బూజుకు కారణమవుతుంది. వేపాకు శక్తి నాఫ్తలీన్ కన్నా చాలా తక్కువని ఒప్పుకోవాలి, కాబట్టి ఉతకడం, బాగా ఆరబెట్టడం, తరచుగా తెరిచి చూడడం దానికి తోడుండాలి. వట్టివేళ్లు, లవంగాలు మంచి వాసన ఇస్తాయి, వాటిని నమ్ముకుని పట్టుచీరను వదిలేయడానికి మాత్రం లేదు.

ఎప్పుడు మార్చాలన్నదానికి ఇంగ్లీషు నెలల కన్నా కార్తెల లెక్కే నాకు సౌకర్యంగా ఉంది. రోహిణి కార్తె ఎండల్లో గాలి తేలికగా ఉన్న రోజు చూసి పట్టునూ ఖద్దరునూ దాచేస్తాను, మృగశిర వచ్చి చినుకు పడ్డాక పెట్టె తెరవను. మధ్యలో వాన తెరిపిచ్చి మంచి ఎండ కాసిన రోజున మాత్రం గంటసేపు మూత ఎత్తి ఉంచుతాను. రెండో గడువు దసరాకు ముందు. పైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. గులాబ్ అయితే అక్టోబరు రాకముందే, 2021 సెప్టెంబరు 26న, కళింగపట్నం దగ్గరికి వచ్చింది. ఈ తేదీలు చూశాక సెప్టెంబరు మూడో వారం నాటికి ట్రంకు పెట్టెను మంచం కింది నుంచి తీసి, దివాను మీదికో బల్ల మీదికో ఎత్తి, మూత మీద ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంచుతున్నాను. తుపాను పోయాక మొదటి ఎండ రోజున ఆ పట్టా తీసేయాలి, లేకపోతే ట్రంకు పెట్టెకు ఉన్న ఆ గాలి సుగుణం కూడా పోతుంది. ఉన్ని బట్టల డబ్బా దీపావళి దాటాక దిగుతుంది. రథసప్తమికి అరసవల్లి వెళ్లివచ్చేసరికి ఉదయపు చలి తగ్గుతుంది కాబట్టి, ఆ వారంలోనే స్వెట్టర్లు ఉతికి, మధ్యాహ్నపు ఎండ మీద ఉండగానే తీసి, చల్లార్చి, పైన చీటీ అంటించి మళ్లీ అటక ఎక్కిస్తాను. చీటీ మీద దాచిన తేదీ రాస్తాను, పక్కనే ఉతికినదో కాదో కూడా.