రోగి గోప్యత పేరు చెప్పి రోగికే రికార్డులు ఇవ్వని విభాగం

బెంగళూరులో మారతహళ్లి వైపు ఉన్న ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలోని మెడికల్ రికార్డ్స్ విభాగం గురించి ఈ సమీక్ష. మా అత్తగారికి అక్కడ గాల్‌బ్లాడర్ ఆపరేషన్ జరిగింది. ఆ తరువాత తలెత్తిన ఇబ్బందికి కారణమేమిటో మరొక సర్జన్‌కు చూపించి తెలుసుకుందామని, ఆవిడే సంతకం చేసిన లేఖతో పూర్తి కేస్ షీట్ అడిగాము. డిశ్చార్జ్ సమ్మరీ తప్ప మరేదీ ఇవ్వలేమని, మిగిలినది రోగి గోప్యతకు సంబంధించినదని కౌంటరులో చెప్పారు. మా వెనుక నిలబడిన ఒకరి పేరు, జబ్బు మాత్రం హాలంతా వినిపించేలా అక్కడే చదివారు. నిజంగా కాపాడవలసిన గోప్యత అది.

గోప్యత హక్కు రోగిది. రోగి గానీ, రోగి తరఫున అధికారం పొందినవారు గానీ అడిగితే 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నియమావళి చెబుతోంది. కోర్టు ఆదేశం వంటి కొన్ని సందర్భాల్లో తప్ప రోగి రహస్యాలు బయటపెట్టరాదని డాక్టరును కట్టడి చేసేదీ ఆ నియమావళే. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది గనుక నిర్లక్ష్యం జరిగిందనుకున్నవారు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కానీ మత్తు ఎప్పుడిచ్చారో, రక్తపోటు ఎప్పుడు పడిపోయిందో, కబురు పెట్టిన ఎంతసేపటికి డాక్టరు వచ్చారో అనస్థీషియా చార్టులు, నర్సుల నోట్స్ లేకుండా ఎవరు తేల్చగలరు? అవి చూస్తే తప్పేమీ జరగలేదని తెలియవచ్చు కూడా, అదీ డాక్టరుకు మేలే. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ఇన్‌పేషెంట్ రికార్డులను ఆ నియమావళి ప్రకారం దాచవలసింది మూడేళ్లు. జాప్యం జరిగిన కొద్దీ నష్టపోయేది రోగే.

నియమావళిని ప్రస్తావిస్తూ మెడికల్ సూపరింటెండెంట్‌కు దరఖాస్తు ఇచ్చాకే నకలు వచ్చింది. అందులో అనస్థీషియా చార్టు ఎడమ అంచు జెరాక్స్‌లో తెగిపోయింది. సమయాలు రాసే గడి సరిగ్గా అక్కడే ఉంది. మళ్లీ అడిగితే ఒక ఉద్యోగిని ఓపికగా ఇంకో ప్రతి తీసి ఇచ్చారు, ఆమెకు కృతజ్ఞతలు.

వార్డు నర్సుల సేవకు వంక పెట్టను. రికార్డుల విభాగానికి ఐదింటికి రెండు నక్షత్రాలే ఇస్తున్నాను. అక్కడ చేరేవారు డిశ్చార్జ్ రోజునే దరఖాస్తు పెట్టి, మీ దగ్గర ఉంచుకునే ప్రతిపై తేదీతో ముద్ర వేయించుకోండి. నకలు అందగానే ప్రతి పేజీ అంచులూ సరిచూసుకున్నాకే కౌంటరు వదలండి.