మూడు చలికాలాలు చూసిన ఎనామెల్ పెయింట్

మా నాన్న చేతక్ స్కూటర్‌కి ఇంట్లోనే ఎనామెల్ వేయడం మొదలుపెట్టాక ఇది మూడో చలికాలం. ఈ పెయింట్‌లో నేను మనసు పారేసుకున్నది ఒక్క గుణానికే. బ్రష్షు లాగినప్పుడు గీతలు గీతలుగా ఉంటుంది. చూస్తుండగానే ఆ గీతలన్నీ సర్దుకుని రేకు మీద నున్నగా పరుచుకుంటుంది. స్ప్రే గన్ను లేదు, కంప్రెషర్ లేదు, ఇంటి గేటుకు వేసే డబ్బాతోనే అంత మెరుపు. మొదట ఏప్రిల్‌లో ముందు మడ్‌గార్డుకు వేశాను. అప్పటి నుంచి ఎవరు అడిగినా ఎనామెలే వేసుకోమని చెబుతూ వచ్చాను. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

తర్వాతి సంక్రాంతి సెలవుల్లో సైడ్ ప్యానెళ్లు రెండూ విప్పాను. మాది పటాన్‌చెరు దగ్గర. హైదరాబాద్ నడిబొడ్డు కంటే ఇక్కడ చలి ఎక్కువ, జనవరి తెల్లవారుజామున 10 డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. తుప్పు పట్టకుండా అడుగున వేసే రెడాక్సైడ్ ప్రైమర్ వారం ముందే కొట్టి ఉంచాను. పండగ చుట్టాలు వెళ్లేసరికి సాయంత్రం ఐదున్నర అయింది. అయినా ఆగలేక డబ్బా తెరిచాను. పెయింట్ తేనెలా సాగుతోంది, గీతలు సర్దుకోవట్లేదు. కొంచెం టర్పెంటైన్ పోశాను. తర్వాత ఇంకొంచెం. గీతలు పోయాయి గానీ, అంచుల దగ్గర చుక్కలు చుక్కలుగా కారింది. కారినచోట కనబడకుండా పైన ఇంకో పూత మందంగా వేసేశాను.

పొద్దున లేచి చూస్తే అద్దం మీద ఊపిరి వదిలినట్టు మసక. రాత్రికి రాత్రి గట్టిపడుతుందని డబ్బా మీద ఉంది కదా అని రెండు రోజులు ఆగాను. వేలికి అంటట్లేదు. న్యూస్‌పేపర్లో చుట్టి మంచం కింద పెట్టాను. మర్నాడు విప్పబోతే పేపరు చర్రున చిరిగింది. ప్యానెల్ మీద హెడ్డింగు అక్షరాలు తిరగబడి అచ్చు పడ్డాయి, ఒత్తులతో సహా. నాన్న ప్రతి ఆదివారం తుడుచుకున్న బండి అది. ఆ నీలం రంగు మీద నల్లటి అక్షరాలు చూస్తే ఏడుపొచ్చినంత పనైంది.

మా వీధి చివర గ్రిల్స్ చేసే అన్నకు తీసుకెళ్లి చూపించాను. గోరుతో నొక్కితే గుంట పడింది. “పెయింట్‌ది తప్పు లేదు తమ్మీ. రేకు సల్లగున్నది. పొద్దుగూకినంక ఏస్తె ఎట్ల ఎండుతది?” అన్నాడు.

నిజమే. ఎనామెల్‌లో టర్పెంటైన్ ఆవిరైపోతే పని అయిపోదు. ఆ తర్వాత గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడాలి. చలికి ఆ పని బాగా మందగిస్తుంది. పైగా ఆరుబయట రాత్రిపూట రేకు గాలి కంటే ఎక్కువ చల్లబడి మంచు తడి పట్టేస్తుంది, ఆ మసక దానివల్లే. మందంగా వేశాను కాబట్టి పైన పొర కట్టి లోపల పచ్చిగా ఉండిపోయింది. ఎమెరీ పేపర్ రుద్దితే జిగురులా పట్టేసి పేపరే పాడైంది. చివరికి టర్పెంటైన్ గుడ్డతో ప్రైమర్ దాకా తుడిచేశాను.

రెండోసారి పొద్దున పదికల్లా ప్యానెళ్లు డాబా మీద ఎండలో పెట్టాను. అరచేయి ఆనిస్తే వెచ్చగా తగిలాక నీడలోకి తెచ్చాను. ఈలోగా పెయింట్ డబ్బాను మూత వదులు చేసి, స్టవ్వుకు దూరంగా, వేడినీళ్ల బకెట్‌లో ఇరవై నిమిషాలు ఉంచాను. నేను అసలు ఊహించనిది ఇదే. చుక్క టర్పెంటైన్ ఎక్కువ పోయకుండానే పెయింట్ ఏప్రిల్‌లో లాగా జారింది. గీతలు నా కళ్లముందే మాయమయ్యాయి. పల్చగా ఒక పూత వేసి, ఒంటిగంటకల్లా ఆపేసి, సాయంత్రం గదిలోకి తెచ్చేశాను. రెండు రోజులాగి రెండో పూత. ఆ తర్వాత రెండు వారాలు ముట్టుకోలేదు.

తొందరగా ఆరాలంటే టర్పెంటైన్ బదులు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్లకు వాడే ఘాటైన థిన్నర్ కలపమని ఒక షాపులో చెప్పారు. దయచేసి వినకండి, పాత ఎనామెల్ మీద అది పడితే కింది పొర ముడతలు పడి లేస్తుంది.

ఇప్పుడు ఆ ప్యానెళ్లు బాగున్నాయి. ఏప్రిల్‌లో వేసిన మడ్‌గార్డు మాత్రం ఎండకు కొంచెం వెలిసింది. పెట్రోల్ ఒలికినప్పుడు వెంటనే తుడవని చోట మెరుపు పోయింది. గట్టిపడడానికి హార్డెనర్ కలిపే పీయూ (పాలీయూరిథేన్) పెయింట్ అయితే ఈ రెండింటికీ ఇంకా బాగా తట్టుకునేది, ఒప్పుకుంటాను. నాకు డాబా ఉంది, ఎండ ఉంది, బండి ఆదివారాలే తీస్తాను, నెల రోజులు విప్పి ఉంచినా ఇబ్బంది లేదు. రోజూ ఆఫీసుకు ఆ బండి మీదే వెళ్లేవాళ్లు, ఎండ రాని అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు చలికాలంలో ఇది పెట్టుకోకపోవడమే నయం, మార్చి దాకా ఆగితే సరిపోతుంది. నాకు ఇంకా రెండు రిమ్ములు మిగిలాయి. ఈ వారమంతా పొద్దున తొమ్మిది దాకా మంచు వీడట్లేదు, అందుకే డబ్బా ఇంకా తెరవలేదు.