ఎదలా, ఉభాలా? శ్రీకాకుళం వరి రైతుకి ఏది మేలు?

జూన్‌లో నాలుగు చినుకులు పడితే మా వైపు ఊరూరా ఇదే చర్చ. పొడి దుక్కిలో విత్తనం వేసి ఎదలు పెట్టుకోవాలా, ఆకుమడి పోసి ఉభాలు, అంటే నాట్లు, వేసుకోవాలా? నా లెక్క ప్రకారం మెరక భూములకీ, కాలువ శివారు భూములకీ ఎదలు మేలు. పల్లానికి ఉభాలే. చిక్కేమిటంటే, చాలామంది నేలని చూసి కాదు, కూలీలు దొరుకుతారా లేదా అని చూసి తేల్చేసుకుంటున్నారు.

అందులో వాళ్ల తప్పూ లేదు. ఎకరా నాటాలంటే పది మంది దాకా కావాలి. వయసులో ఉన్నవాళ్లు విశాఖ, హైదరాబాద్, చెన్నై పనులకి పోయారు. ఊళ్లో మిగిలినవాళ్లని అందరూ ఒకే వారంలో పిలుస్తారు. ఇక రేటు ఎందుకు ఆగుతుంది?

నీటి సంగతి ఇంకా టెన్షన్. గొట్టా బ్యారేజీ దగ్గర వదిలిన వంశధార నీరు ఎడమ కాలువ మీదుగా టెక్కలి, నందిగాం, పలాస శివార్లకి వచ్చేసరికి ఆకుమడిలో నారు ముదిరిపోతుంది. 25-30 రోజులప్పుడు నాటాల్సిన నారు 45 రోజులదైతే పిలకలు తగ్గుతాయి. కుదురుకి రెండు మూడు మొక్కలు పెట్టేచోట నాలుగైదు పెట్టి, దగ్గర దగ్గరగా నాటాలి. అదే ఎదలైతే వానకే మొలుస్తాయి, కాలువ వచ్చాక నీరు కడతాం. దమ్ము, అంటే నీరు పెట్టి బురదగా దున్నే పని, దాని ఖర్చు ఉండదు, కోత కూడా వారం పది రోజులు ముందొస్తుంది.

ఇక్కడితో ఆగితే ఎదలదే గెలుపు. కానీ కలుపు ఉంది. నాటిన మడిలో నిలిచిన నీరే సగం కలుపుని అణుస్తుంది. ఎద మడిలో వరీ, ఊద అనే కలుపు గడ్డీ ఒకేసారి మొలుస్తాయి, చూడ్డానికి కవలల్లా ఉంటాయి. ఆకు కాండాన్ని అంటుకునే చోట విప్పి చూడండి: వరికి సన్నటి తెల్లని పొర ఉంటుంది, ఊదకి ఉండదు. ఎకరమంతా అలా వంగి చూసే ఓపిక ఎవరికుంది? అందుకే విత్తాక ఒకటి రెండు రోజుల్లో, నేలలో తడి ఉండగానే పెండిమిథాలిన్ అనే కలుపు మందు కొట్టాలి. తర్వాత 15-20 రోజులకి, ఊద ఇంకా లేతగా ఉన్నప్పుడు ఇంకో కలుపు మందు, బిస్పైరిబాక్ సోడియం. ఈ రెండూ కొట్టకపోతే మిగిలేది పెద్దగా ఉండదు. 2025-26 మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు, అంటే మన 80 కిలోల బస్తా 1,895. ఎకరాకి మూడు బస్తాలు కలుపుకి పోతే 5,685 రూపాయలు. కూలీ మిగిలిందన్న సంబరం అక్కడే తీరిపోతుంది.

పల్లపు మడుల్లో మాత్రం ఎదల జోలికి పోకండి. మొలక మీద పెద్ద వాన పడి నీరు నిలిస్తే విత్తనం మురిగిపోతుంది. నెల రోజుల నారు కాస్త నీటికి తట్టుకుంటుంది. నాగావళి, వంశధార వరద ఎక్కే చోట స్వర్ణ సబ్-1 అనే వరి రకం వేస్తే మంచిది, రెండు వారాల దాకా మునిగినా కోలుకుంటుంది. దమ్ము చేసిన మడిలో మొలక విత్తనాన్ని వరసల్లో వేసే డ్రమ్ సీడర్ మంచిదే, కానీ మడి చదునుగా ఉండాలి, నీరు మన చేతిలో ఉండాలి. శివార్లలో ఆ మాట ఎత్తడం కూడా దండగ.

ఇక తుఫాను. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న వచ్చాయి. జూన్ మధ్యలో నారు పోసిన స్వర్ణ రకం ఆ రోజులకి సరిగ్గా పూత మీద ఉంటుంది, దెబ్బ తగిలితే గింజ పట్టక తాలే. అదే జూన్ మధ్యలో ఎద వేసిన 120 రోజుల 1010 రకం అయితే కోతకొచ్చి ఉంటుంది. పడిపోతే కంకి మొలకెత్తే భయం ఉన్నా, ముందే కోయడానికో, కొంత ఏరుకోవడానికో వీలుంటుంది. పైపైన జల్లిన పైరుకి వేరు పట్టు తక్కువ, గాలికి ముందు పడేది అదే. ట్రాక్టర్ గొర్రుతో మూడు నాలుగు సెంటీమీటర్ల లోతున వరసల్లో వేసింది కొంత నయం. కలుపు తీయడమూ సులువే.

మెరకా పల్లమూ రెండూ ఉన్నవాళ్లు ఇదీ కొంత, అదీ కొంత చేస్తే పనులు ఒక్కసారే మీద పడవు, ఒకే తుఫాను మొత్తం పంటని ఊడ్చుకుపోదు. కౌలు రైతుకి ఆ వీలు తక్కువ. దొరికింది ఒక్క పల్లపు మడే అయితే కూలీ ఎంత మండినా ఉభాలే వేయాలి. ఆ ఖర్చు కౌలు మాట్లాడుకునేటప్పుడే లెక్కలోకి తీసుకోవాలి.