తడిసిన పరుపుకు రూ. 3,500: క్యాంపర్‌వ్యాన్‌లో లంబసింగి

తూర్పు కనుమల్లోని చలి ఊరు లంబసింగికి అద్దెకు తీసుకెళ్లిన క్యాంపర్‌వ్యాన్ (లోపలే పడుకునేలా అమర్చిన బండి) పైకప్పు కారి మేము పడుకున్న పరుపు తడిస్తే, ఆ పరుపు శుభ్రం చేయించే ఖర్చు కూడా మా డిపాజిట్‌లోనే కోసుకున్న ఒక హైదరాబాదు అద్దె సంస్థ పుణ్యమా అని ఈ అనుభవం రాస్తున్నాను. అద్దె రోజుకు 9,000 రూపాయలు, రోజుకు 250 కిలోమీటర్లు దాటితే ఆపైన కిలోమీటరుకు 18 రూపాయలు, డిపాజిట్ 20,000, డీజిలు మనదే. చలికాలం కోసమే సిద్ధం చేసిన బండి అని చెప్పి వారు చూపించినవి ఒక టీవీ, రంగురంగుల దీపాలు, ఇళ్లలో వాడుకునే మామూలు రూమ్ హీటరు.

సూర్యాపేట, విజయవాడ, రాజమండ్రి, తుని మీదుగా నర్సీపట్నం వరకు రోడ్డు బాగుంది, మా బావమరిది హుషారుగా నడిపాడు. నర్సీపట్నంలో అందుకున్న వాన ఘాట్ రోడ్డులో పొగమంచుతో కలిసి, ఎదురుగా వచ్చే లారీ దీపాలు మీదికి వచ్చేవరకు కనబడని స్థితికి చేరింది. లంబసింగి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. సున్నా దగ్గరికి పడిపోయే చలిని చూడాలని వెళ్లేవారు మాత్రం ఆకాశం నిర్మలంగా ఉండే రోజులనే ఎంచుకోవాలి. మబ్బు కమ్మిన రాత్రి నేలలోని వేడి పైకి పోదు కనుక ఉష్ణోగ్రత అంతగా తగ్గదు, కానీ ఆ తడి చలి దుప్పట్లలోకి సైతం దూరుతుంది.

హీటరు వేయగానే ఇన్వర్టరు కూతపెట్టి ఆగిపోయింది. సంస్థకు ఫోన్ చేస్తే, "బయట ప్లగ్గు ఉన్నచోట బండి పెట్టుకోవాలి సార్" అన్నారు. 2,000 వాట్ల హీటరు 12 వోల్టుల బ్యాటరీ నుంచి 160 ఆంపియర్లకు పైగా లాగుతుంది. బండిలో ఉన్న 200 ఆంపియర్-అవర్ల (అంటే లెక్కప్రకారం 200 ఆంపియర్లు గంటసేపు ఇచ్చే) బ్యాటరీ, ఇన్వర్టరు సహకరించినా, గంటసేపు నిలవడమే గొప్ప. ఈ లెక్క అద్దెకిచ్చేవారికి తెలియదనుకోను. గ్యాస్ పొయ్యి వెలిగించి కూర్చుందామని బావమరిది అన్నాడు కానీ, తలుపులు మూసిన బండిలో కార్బన్ మోనాక్సైడు చేరితే ప్రాణాలకే ముప్పు. పైగా గ్యాస్ మండితే నీటి ఆవిరి పుట్టి లోపలి తడి మరింత పెరుగుతుంది. అర్ధరాత్రి దాటాక పైకప్పు కిటికీ రబ్బరు అంచు నుంచి ధార మొదలైంది. మా ఆవిడ పరుపు చుట్టి మూలన నిలబెట్టి, తెల్లవారేవరకు ముందు సీట్లో శాలువా కప్పుకొని కూర్చుంది. మరునాటి మధ్యాహ్నం వరకు నాతో మాట్లాడలేదు.

ఆమె చేత మాట్లాడించిన ఘనత బొంగు చికెన్‌ది. రేకుల పాకలో ఒకాయన పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, ఆకుతో మూతి బిగించి, చుక్క నూనె లేకుండా నిప్పుల మీద తిప్పుతూ కాల్చి ఇచ్చాడు. 400 రూపాయలు. ఆ వానలో అంతకంటే సార్థకమైన ఖర్చు ఈ యాత్రలో మరొకటి లేదు. మా అవస్థ విని ఆయనే తనకు తెలిసిన చిన్న బసకు పంపాడు. అక్కడ బండి నిలుపుకోవడానికి పెరడు, 15 ఆంపియర్ల ప్లగ్గు, స్నానానికి కట్టెల పొయ్యి మీద కాచిన వేడినీళ్లు, అన్నీ కలిపి 600 రూపాయలు. హీటరు మొదటిసారి పనిచేసిన ఆ రాత్రి కూడా కిటికీ రెండు వేళ్లంత తెరిచే ఉంచాము. లేకపోతే మన ఊపిరిలోని తేమే చల్లటి రేకు మీద చెమ్మగా పట్టి పక్కమీదికి కారుతుంది.

తిరిగి బండి అప్పగించినప్పుడు, కొండ మీద వాలుగా నిలపడం వల్లే నీరు దిగిందని సంస్థవారు వాదించి 3,500 పట్టుకున్నారు. రబ్బరు అంచు పగిలి ఉన్న వీడియో చూపించాక 1,500 వెనక్కి ఇచ్చారు, మిగతాదానికి రసీదు కూడా రాయలేదు. వానాకాలంలో గానీ తుపాను రోజుల్లో గానీ ఇటువంటి బండి తీసుకునేవారు డబ్బు కట్టకముందే పైకప్పు మీద పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టించి చూడండి; అందుకు ఒప్పుకోని చోట అడ్వాన్సు ఇవ్వకండి. హీటరు డీజిలుతో నడిచేదా, ప్లగ్గుతో నడిచేదా అన్నది ఒప్పందంలో రాయించుకోండి.