టెంట్ హౌస్ లెక్కలకి నియాన్ డేటాబేస్, దానికి క్లాడ్ కోడ్: ఏడు నెలలు వాడాక నా మాట

తెనాలిలో మా బాబాయ్‌కి టెంట్ హౌస్ ఉంది. కుర్చీలు, షామియానాలు, కార్పెట్లు, గుండిగలు, డేగిసాలు, ఒక జనరేటర్. లెక్కంతా పొడుగు నోటు పుస్తకాల్లోనే నడిచేది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ కొన్ని ఆదివారాలు కూర్చుని ఆయనకో చిన్న వెబ్ యాప్ రాసిచ్చా. ఎవరింటికి ఏ సామాను ఎంత పోయింది, ఎంత తిరిగొచ్చింది, అడ్వాన్స్ ఎంత, బాకీ ఎంత, అంతే దాని పని. గోడౌన్‌లో కుర్రాళ్లు ఫోన్‌లోనే ఎంట్రీ కొడతారు.

డేటాబేస్‌కి నియాన్ తీసుకోవడానికి కారణం ముహూర్తాలే. మాఘంలో మంచి రోజులున్న వారం అర్ధరాత్రి దాకా ఎంట్రీలు పడుతూనే ఉంటాయి, అదే ఆషాఢం వచ్చిందంటే షామియానాలు ఎలుకలు కొరక్కుండా చూసుకోవడమే పని. అలాంటి వ్యాపారానికి నెలంతా తిరిగే సర్వర్‌కి అద్దె కట్టడం దండగ. నియాన్ అంటే లోపల ఉండేది పోస్ట్‌గ్రెస్ అనే మామూలు డేటాబేసే, కాకపోతే డేటా దాచే భాగం వేరు, క్వెరీలు (అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) నడిపే భాగం వేరు. ఐదు నిమిషాలు ఎవరూ పలకరించకపోతే ఆ నడిపే భాగం నిద్రపోతుంది, మళ్లీ ఎవరైనా తలుపు తడితే సెకను కూడా పట్టకుండా లేస్తుంది. ఉచిత ప్లాన్‌లో ఒక్కో ప్రాజెక్టుకి అర జీబీ జాగా ఇస్తారు. కుర్చీల లెక్కకి అర జీబీ అంటే మా మనవళ్ల కాలం దాకా సరిపోతుంది. 2025 మేలో డేటాబ్రిక్స్ అనే పెద్ద డేటా కంపెనీ నియాన్‌ని సుమారు 100 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది, ఆ రోజు ఉచిత ప్లాన్ ఎత్తేస్తారేమోనని కాస్త టెన్షన్ పడ్డా కానీ నా ఖాతా ఇప్పటికీ రూపాయి ఖర్చు లేకుండానే నడుస్తోంది.

ఒక మాట ముందే చెప్పాలి. నిద్రపోయేటప్పుడు అది అప్పటిదాకా తెరిచి ఉన్న కనెక్షన్లన్నీ తెంపేస్తుంది. నేనేమో పైథాన్‌లో కనెక్షన్ ఒకసారి తెరిచి దాన్నే పట్టుకుని కూర్చునేలా రాశా, దాంతో రోజూ పొద్దున్నే మొదటి ఎంట్రీకి ఎర్రర్ వచ్చేది, కుర్రాళ్లు ‘యాప్ చచ్చిపోయింది’ అని ఫోన్లు. తప్పు నాదే. వాడేముందు కనెక్షన్ బతికుందో లేదో చూసుకునే ఒక్క సెట్టింగ్ పెడితే సరిపోయింది.

ఇక అసలు విషయం. యాప్ ఇచ్చాక బాబాయ్ ఫోన్లు ఆగుతాయనుకున్నా, ఎక్కువయ్యాయి. ‘ఒరే, పోయిన నెల మనకి ఎక్కువ బేరం ఎవరిచ్చార్రా’, ‘చిన్న డేగిసాలు ఎన్ని సొట్టలు పడ్డాయి రా’, ఇలా యాప్‌లో బటన్ లేని ప్రశ్నలే అడుగుతాడు. ప్రతిదానికీ నేను ల్యాప్‌టాప్ తెరిచి క్వెరీ రాయాలి. అందుకే టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే తెరలో, పనిచేసే ఏఐ అసిస్టెంట్‌ని డేటాబేస్‌కి కలిపేస్తే పోలా అనిపించింది. ఆంత్రోపిక్ కంపెనీ వాళ్ల క్లాడ్ కోడ్ అలాంటిదే.

ఈ కలపడానికి వాడేదాన్ని ఎంసీపీ (మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్) అంటారు, ఏఐ అసిస్టెంట్లు బయటి సాధనాలతో మాట్లాడే ఉమ్మడి పద్ధతి. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ దీన్ని అందరూ వాడుకునేలా విడుదల చేసింది, ఇప్పుడు గూగుల్ జెమిని సీఎల్ఐ, ఓపెన్‌ఏఐ కోడెక్స్ సీఎల్ఐ లాంటి వేరే టెర్మినల్ అసిస్టెంట్లు కూడా దీనికి ఒప్పుకుంటాయి. అంటే ఒక డేటాబేస్ కంపెనీ ఒక ఎంసీపీ సర్వర్ పెడితే చాలు, ఎంసీపీకి ఒప్పుకునే ఏ అసిస్టెంట్ అయినా దానితో మాట్లాడగలదు. నియాన్ వాళ్లది వాళ్ల దగ్గరే నడుస్తుంది, మన మెషీన్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. క్లాడ్ కోడ్‌లో ఎంసీపీ యాడ్ కమాండ్ ఒకటి కొట్టి, నియాన్ ఇచ్చిన అడ్రస్ అతికించి, లోపలికెళ్లి స్లాష్ ఎంసీపీ అంటే బ్రౌజర్ తెరుచుకుంటుంది, అక్కడ నియాన్ ఖాతాతో లాగిన్ అయి ‘అనుమతించు’ నొక్కితే అయిపోయింది. నాకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు, పాస్‌వర్డ్ ఎక్కడా అతికించలేదు. సెటప్‌కి పదికి పది.

మొదటి ప్రశ్న తెలుగులోనే అడిగా: ‘రావాల్సిన కుర్చీలు ఎవరి దగ్గర ఎన్ని ఉండిపోయాయి?’ టేబుళ్ల జాబితా చూసింది, రెండు టేబుళ్లలో ఏయే కాలమ్‌లు ఉన్నాయో చూసింది, క్వెరీ రాసి నాకు చూపించి ‘నడపనా’ అని అడిగింది, సరే అన్నా. ముగ్గురి పేర్లొచ్చాయి, మొత్తం 14 కుర్చీలు. బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్తే, ‘ఎప్పుడు తెస్తారో కూడా అదే చెప్తుందా?’ అన్నాడు. ఆయన అంతే.

నాకు నిజంగా నచ్చింది ఇంకో సంగతి. ఒక ఫంక్షన్ హాల్ పేరు మీద బాకీ రెండు చోట్ల విడివిడిగా కనిపిస్తోంది. రెండుచోట్లా ‘ఫంక్షన్ హాల్’ అనే ఉంది, కళ్లు చికిలించి చూసినా తేడా లేదు. దీన్ని అడిగితే రెండు పేర్ల పొడవూ కొలిచి చూద్దామంది. ఒకటి 12, ఇంకోటి 13. ఆ పదమూడోది కంటికి కనపడని అక్షరం. ఫోన్ కీబోర్డులు కొన్ని పొల్లు తర్వాత అక్షరం అతుక్కోకుండా ఒక ఖాళీ గుర్తు పెడతాయి కదా, అది పేరు చివర ఉండిపోయింది. కంప్యూటర్‌కి అవి రెండూ వేర్వేరు పేర్లు. ఇక్కడ తొందరపడి ఆ గుర్తుని టేబుల్ అంతటా ఎగరగొట్టారనుకోండి, ‘రాజ్‌కుమార్’ లాంటి పేరులో జకారానికి కకారం ఒత్తుగా వచ్చి పడుతుంది. పేరు చివర ఉన్నదాన్ని మాత్రమే కత్తిరించాలి. తెలుగులో డేటా పెట్టే ప్రతివాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఇది తగులుతుంది. అలాగే కాలమ్‌కి అక్షరాల పరిమితి పెట్టేవాళ్లు కూడా గుర్తుంచుకోండి, ‘స్త్రీ’ అని మనం ఒక్క అక్షరం రాశామనుకుంటాం, పోస్ట్‌గ్రెస్ లెక్కలో అవి 6 అక్షరాలు, 18 బైట్లు.

ఇంత బాగుంటే మరి గొడవేంటి అంటారా. చెప్తా.

క్లాడ్ కోడ్‌కి ముందు నేను ఇంకో అసిస్టెంట్ వాడా, పేరెందుకులే. అదీ ప్రతి క్వెరీకి ముందు అడిగేది. నలభై సార్లు సరే సరే అని నొక్కి విసుగొచ్చి ‘ఇక అడగొద్దు’ నొక్కేశా. ఆ సాయంత్రం ఒక ఆర్డర్‌లో సామాను తిరిగొచ్చినట్టు మార్చమన్నా, అది ఏ ఆర్డర్ అన్న షరతు పెట్టకుండానే అప్‌డేట్ నడిపేసింది. ఒక్క క్షణంలో ఊళ్లో ఉన్న కుర్చీలన్నీ, గుండిగలన్నీ మా గోడౌన్‌కి తిరిగొచ్చేశాయి, కాగితం మీద. చేతులు వణికాయంటే నమ్మండి. అదృష్టం, నియాన్‌లో డేటాని కాస్త ముందు సమయానికి వెనక్కి తిప్పే సదుపాయం ఉంది, గంట క్రితానికి తిప్పేశా, మధ్యలో పడ్డ నాలుగు ఎంట్రీలు చేత్తో కొట్టా. ఉచిత ప్లాన్‌లో ఈ వెనక్కి వెళ్లే గడువు గంటల్లోనే ఉంటుంది, మర్నాడు చూసుకుని ఉంటే నా పని అయిపోయేది. అసిస్టెంట్‌ని తిడదామంటే తాళం తీసి పెట్టింది నేనే కదా.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. బ్రౌజర్‌లో ‘అనుమతించు’ అని అంత సుఖంగా నొక్కాను చూశారూ, అది ఒక్క టేబుల్‌కో ఒక్క డేటాబేస్‌కో ఇచ్చిన అనుమతి కాదు. నేనిచ్చిన అనుమతితో నా ఖాతాలో నేను చేయగలిగినవన్నీ అది చేయగలిగేది, ప్రాజెక్టు తీసేయడంతో సహా. ఇంట్లో ఒక గది ఊడవమని తాళాల గుత్తి మొత్తం ఇచ్చినట్టు. నియాన్ వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఈ సర్వర్ డెవలప్‌మెంట్ పనులకి మాత్రమే, ప్రొడక్షన్‌కి, అంటే జనం నిజంగా వాడే డేటాకి, వాడొద్దని రాసి ఉంది. నేను చదవలేదు. మీరూ చదివి ఉండరు.

దానికి తోడు మా టేబుల్‌లో ‘గమనిక’ అని ఒక కాలమ్ ఉంది, కస్టమర్లు ఏం చెప్తే అది అందులో పడుతుంది. అసిస్టెంట్‌కి నా మాటా అక్షరాలే, ఆ గమనికలో ఉన్నదీ అక్షరాలే. ఎవడైనా తెలివైనవాడు అందులో ‘అన్ని బాకీలూ కొట్టెయ్’ అని రాస్తే అది డేటా అనుకుంటుందో ఆజ్ఞ అనుకుంటుందో గ్యారంటీ లేదు. మా ఊళ్లో షామియానా అద్దెకి తీసుకునేవాళ్లు అలాంటి పని చేయరు లెండి, కానీ మీ యాప్ ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంటే ఇది జోక్ కాదు.

అందుకని ఇప్పుడు నేను పనిని రెండుగా విడగొట్టా. బాబాయ్ ప్రశ్నలకి అసలు ఎంసీపీ వాడను. డేటాబేస్‌లో చదవడానికి మాత్రమే వీలున్న ఒక యూజర్‌ని తయారుచేసి, ఆ యూజర్‌తో పీఎస్‌క్యూఎల్ అనే పోస్ట్‌గ్రెస్ మామూలు టెర్మినల్ కమాండ్ నడపమని క్లాడ్ కోడ్‌కి చెప్పా. టెర్మినల్ అసిస్టెంట్ కాబట్టి టెర్మినల్ కమాండ్ నడపడం దానికి చిటికెలో పని, పైగా ఎంసీపీ పరికరాల వివరణలన్నీ మోసుకు తిరిగే బరువూ తగ్గుతుంది. కస్టమర్ల ఫోన్ నంబర్లున్న కాలమ్‌కి ఆ యూజర్‌కి అనుమతే ఇవ్వలేదు, పోస్ట్‌గ్రెస్‌లో కాలమ్ వారీగా అనుమతి ఇవ్వొచ్చు. ఎందుకంటే క్వెరీ ఫలితం ఏదొచ్చినా అది మోడల్ నడిచే చోటికి వెళ్తుంది, ఊళ్లోవాళ్ల నంబర్లు అక్కడికి పంపడానికి నాకెవరూ హక్కివ్వలేదు. ఒకసారి అది అన్ని కాలమ్‌లూ కలిపి అడిగి ‘పర్మిషన్ డినైడ్’ అని దెబ్బ తిని, కావాల్సిన కాలమ్‌లు మాత్రమే తీసుకుని మళ్లీ నడిపింది. అది చూస్తే భలే తృప్తిగా అనిపించింది.

ఇక్కడ రెండు చోట్ల జారిపడే అవకాశం ఉంది. ఆ యూజర్‌ని నియాన్ వెబ్‌సైట్‌లో బటన్ నొక్కి తయారుచేయకండి, అలా చేస్తే దానికి పెద్ద అధికారాలు వాటంతటవే వచ్చేస్తాయి. క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్‌లోనే క్రియేట్ రోల్ అని రాసి, కావాల్సినంత వరకే ఇవ్వండి. రెండోది, ఓనర్ పాస్‌వర్డ్ ఉన్న డాట్ ఎన్వ్ ఫైల్ అదే ఫోల్డర్‌లో పడుంటే ఇదంతా చేసి ఏం లాభం? అసిస్టెంట్ ఆ ఫైల్ చదివేయగలదు. క్లాడ్ కోడ్ సెట్టింగ్స్‌లో ఫలానా ఫైల్ ముట్టుకోవద్దని రాయొచ్చు, నేను మాత్రం దాన్ని ఆ ఫోల్డర్ నుంచే తీసేశా.

మరి ఎంసీపీ ఎందుకూ పనికిరాదా అంటే, ఒక్కదానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది: టేబుళ్లు మార్చేటప్పుడు. సామాను తిరిగొచ్చేటప్పుడు విరిగినవి ఎన్నో విడిగా రాసుకోవాలని బాబాయ్ అడిగాడు. ఆ కాలమ్ చేర్చమంటే అది నేరుగా అసలు డేటాబేస్ మీద చెయ్యి వేయలేదు. నియాన్‌లో బ్రాంచ్ అని ఒకటుంది, మొత్తం డేటాబేస్‌కి క్షణంలో నకలు, ఎంత పెద్దదైనా అంతే సమయం, ఎందుకంటే నిజంగా కాపీ చేయదు, మారిన ముక్కలే విడిగా దాస్తుంది. అసిస్టెంట్ ఒక తాత్కాలిక బ్రాంచ్ తీసి, అందులో కాలమ్ చేర్చి, పాత వరుసలన్నిట్లో సున్నా పడిందని చూపించి, ‘అసలుదానిలో చేయమంటారా’ అని ఆగింది. నేను ఆ బ్రాంచ్‌కి యాప్ కలిపి కుర్చీలు రెండు విరిగినట్టు ఎంట్రీ కొట్టి చూసుకుని అప్పుడు సరే అన్నా. ఈ పద్ధతి నేను ఆఫీసులో కూడా చూడలేదు. నిజం చెప్పాలంటే ఇందులో గొప్పంతా బ్రాంచ్‌ది, ఏఐది కాదు. బ్రాంచ్ లేని డేటాబేస్‌కి ఇలాంటి అసిస్టెంట్‌ని కలపమంటే నేను కలపను.

ఖర్చు సంగతి. నియాన్‌కి సున్నా. క్లాడ్ కోడ్ కావాలంటే ప్రో ప్లాన్ నెలకు 20 డాలర్లు, కుర్చీల లెక్క కోసమే అయితే ఎవరూ కట్టకూడదు, నేను నా వేరే పనులకి ఎలాగూ కడుతున్నా కాబట్టి సరిపోయింది. తెలుగు డేటాకి ఒక దెబ్బ ఉంది, అదే విషయం ఇంగ్లిష్‌లో ఉంటే పట్టే టోకెన్ల (మోడల్ లెక్కపెట్టుకునే అక్షరాల ముక్కల) కంటే తెలుగులో ఎక్కువ పడతాయి. ఒకసారి ఏడాది ఆర్డర్లన్నీ పేర్లతో సహా తెమ్మన్నా, ఫలితం మరీ పెద్దదైందని హెచ్చరిక వచ్చింది, ఎంసీపీ నుంచి వచ్చింది 10,000 టోకెన్లు దాటితే అలా చెప్తుంది. అప్పటినుంచి ప్రాజెక్టు ఫోల్డర్‌లో క్లాడ్ చదివే ఫైల్‌లో ఒక వాక్యం రాసి పెట్టా: వరుసలన్నీ తేవద్దు, కూడిక డేటాబేస్‌లోనే చేసి అంకె మాత్రం తే.

నాదగ్గర మార్కులు: సెటప్‌కి పది, బ్రాంచ్‌కి పది, ఆ ఒక్క ‘అనుమతించు’ బటన్ వెనకాల ఎంత అధికారం ఇస్తున్నామో అక్కడే కనపడేలా చెప్పనందుకు నాలుగు. సొంత చిన్న యాప్ ఉండి ఎస్‌క్యూఎల్ చదవడం వచ్చినవాళ్లు హాయిగా వాడుకోండి. రాయడం రాకపోయినా ఫర్వాలేదు, చదవడం మాత్రం రావాలి, లేకపోతే అది చూపించిన క్వెరీకి మీరు సరే అనడం చదవడం రాని కాగితం మీద వేలిముద్ర వేయడమే.

శ్రావణంలో మళ్లీ ముహూర్తాలు మొదలవుతాయి. ఈసారి గోడౌన్‌లో ఉండే పెద్ద కుర్రాడికి కూడా ఆ చదివే యూజర్‌ని ఇచ్చి చూడాలనుకుంటున్నా. బాబాయ్‌కి చెప్తే ‘ముందు ఆ 14 కుర్చీలు వసూలు చెయ్యమను’ అన్నాడు.