మెరిసే లోషన్ కిట్: చేతి అంటు చూపిస్తుంది, గాలి అంటు చూపించదు

కంటికి కనబడని క్రిమి గురించి ఐదేళ్ల పిల్లలకు చెప్పడం కష్టం. గ్లో జెర్మ్ లాంటి కిట్లు వచ్చింది అందుకే. మెరిసే జెల్ లేదా పొడి, దానికి ఒక యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్.

శనగగింజంత జెల్ తీసుకుని చేతులకు క్రీములా రాయండి. గది చీకటి చేసి టార్చ్ వేయండి. తర్వాత రోజూ ఎలా కడుక్కుంటారో అలాగే కడుక్కోనిచ్చి మళ్ళీ చూడండి. బొటనవేలి చుట్టూ, గోళ్ల అంచున, వేళ్ల సందుల్లో మెరుపు మిగులుతుంది. జెల్ ఎక్కువైతే మాత్రం ఎంత రుద్దినా వదలదు, సబ్బు దండగని పిల్లలు తేల్చేస్తారు.

మా ఓటు పొడికే. ఒక బొమ్మ మీద చిటికెడు అద్ది ఇద్దరు ముగ్గురిని ఆడుకోనివ్వండి. కాసేపయ్యాక లైటు ఆర్పి చూస్తే తలుపు గడియ మీద, మంచినీళ్ల గ్లాసు మీద, ఒకరి బుగ్గ మీద కూడా మెరుపే! కళ్లకలక వచ్చినవాళ్ల తువాలు ఎందుకు ముట్టుకోకూడదో చెప్పడానికి అదే సరైన సమయం.

టార్చ్‌తో ఒక చిక్కుంది. బట్టల సోపులో తెల్లదనం కోసం కలిపే రసాయనం వల్ల తెల్ల చొక్కా, అలాగే తెల్ల కాగితం కూడా మెరుస్తాయి. నిజమైన క్రిములేమో దీనికి కనబడవు. ఈ రెండూ ముందే చెప్పకపోతే అన్నం కంచం మీద టార్చ్ కొట్టి "క్రిముల్లేవమ్మా" అంటారు. 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (కాంతి తరంగం పొడవు) ఉన్న టార్చ్ చౌక, కానీ ఊదా వెలుగు ఎక్కువ కాబట్టి గది బాగా చీకటిగా ఉండాలి. 365ది స్పష్టంగా చూపిస్తుంది. ఏదైనా కళ్లలోకి కొట్టకూడదు, పెద్దవాళ్లే పట్టుకోవాలి.

తట్టు, ఆటలమ్మ, ఫ్లూ విషయంలో ఈ కిట్ సగం కథే చెబుతుంది. తట్టు రోగి గది వదిలి వెళ్లాక కూడా వైరస్ రెండు గంటల దాకా గాలిలో ఉండగలదు. గాలి ద్వారా అంటడం చూపించడానికి దేవుడి గదిలో అగరుబత్తి వెలిగించి, వాసన వంటింటికి ఎలా చేరిందో అడగండి. కిటికీ తీసి మళ్ళీ చూడమనండి.

నీళ్లలో మిరియాల పొడి చల్లి సబ్బు వేలు ముంచే ఉచిత ప్రయోగం కంటే ఈ కిట్ చాలా నయం. అక్కడ పొడి పక్కకు జరిగేది తలతన్యత, అంటే నీటి పైపొర బిగుతు, తగ్గడం వల్ల. క్రిములు సబ్బుకు భయపడి పారిపోతాయన్న తప్పు అభిప్రాయం పిల్లల్లో ఉండిపోతుంది.

మూడేళ్లలోపు పిల్లలుంటే కొనొద్దు, చేతులు నోట్లో పెట్టుకుంటారు. టార్చ్‌లో బటన్ సెల్ ఉంటే మూతకు స్క్రూ ఉందో లేదో చూసుకోండి, మింగితే ప్రాణాపాయం.